ఆకాశం నుంచి తీసిన ఫొటోను చదవడం ఎలా

ఫోన్‌లో మ్యాప్ తెరిచి, ఉపగ్రహ చిత్రం పెట్టుకుని మన ఇంటి డాబా వెతుక్కోవడం అందరం చేసేదే. ఇల్లు కనిపించగానే సంతోషపడి మూసేస్తాం. కానీ వాన నీళ్లు ఎటు పారతాయో, పక్క పొలంలో ఏం వేశారో, వీధి చివరి సెల్ టవర్ ఎంత ఎత్తో, మనం కొనబోయే ప్లాటు ఒకప్పుడు చెరువో కాదో కూడా ఆ చిత్రంలోనే ఉంటుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ ఇళ్లన్నీ మునిగాక, విజయవాడలో ఇంటికొకరికైనా ఈ చదువు వచ్చి ఉంటే బాగుండేదని నాకు గట్టిగా అనిపించింది. ఇది పెద్ద చదువేమీ కాదు. కొంచెం ఓపిక ఉండాలి, ఒక వరస పాటించాలి.

ముందు కావలసినవి చూసుకోండి. గూగుల్ ఎర్త్ చాలు. అందులో పాత తేదీల చిత్రాలు కూడా చూడొచ్చు. ఇస్రో వాళ్ల భువన్ పోర్టల్ 2009 నుంచి ఉంది, దాన్నీ పక్కన పెట్టుకోండి. మీకు కావలసిన ప్రాంతాన్ని రంగుల్లో ఒక ప్రింటు తీయించండి. దాని మీద పరవడానికి ఒక ట్రేసింగ్ కాగితం, ఒక పెన్సిల్, ఒక ఇంకు పెన్ను, ఒక స్కేలు, ఒక భూతద్దం. స్క్రీన్ మీద చూడటానికీ కాగితం మీద చూడటానికీ చాలా తేడా ఉంది. స్క్రీన్ మీద వేలు ఆగదు, జరుపుతూనే ఉంటాం. కాగితం ముందు కూర్చుంటే కన్ను నిలుస్తుంది.

ఇంకు పెన్ను ఎందుకంటే, అనుకున్నదంతా పెన్సిల్‌తో గీయాలి. ఖాయమైనది మాత్రమే ఇంకుతో. ఈ ఒక్క అలవాటు మిమ్మల్ని చాలా తప్పుల నుంచి కాపాడుతుంది.

మొదటి పని: తేదీ, కొలత

చిత్రం ఎప్పుడు తీసిందో చూడకుండా ఒక్క మాట కూడా అనకండి. కృష్ణా డెల్టాలో ఆగస్టు చిత్రంలో నాట్లేసిన మళ్లు నీళ్లతో నల్లగా కనిపిస్తాయి. అవే మళ్లు నవంబరు నాటికి పసుపు పచ్చగా, కోతలయ్యాక గడ్డి రంగుగా, ఆ తర్వాత మినుము మొలిచి మళ్లీ పచ్చగా మారతాయి. నాలుగు చిత్రాలు, ఒకటే పొలం. ఫిబ్రవరి, మార్చి నెలల్లో గుంటూరు వైపు చూస్తే పొలాల పక్కన ఎర్రటి చాపలు పరిచినట్టు మిరప కల్లాలు కనిపిస్తాయి. జూన్‌లో అక్కడే చూస్తే వట్టి నేల.

తర్వాత కొలత. ప్రింటుకు స్కేల్, అంటే కాగితం మీది దూరానికీ నేల మీది దూరానికీ ఉన్న నిష్పత్తి, తెలియకపోతే పొడవు తెలిసిన దేన్నైనా పట్టుకోండి. మనకు ప్రకాశం బ్యారేజీ ఉంది. 1957లో పూర్తయిన ఈ బ్యారేజీ పొడవు 1,223.5 మీటర్లు. మీ ప్రింటులో అది 12.2 సెంటీమీటర్లు వచ్చిందనుకోండి, కాగితం మీద ఒక సెంటీమీటరు అంటే నేల మీద దాదాపు 100 మీటర్లు. అంటే స్కేల్ 1:10,000. బ్యారేజీ కనపడని చోట రైలు పెట్టెను వాడండి. కొత్త ఎల్‌హెచ్‌బీ పెట్టె సుమారు 23.5 మీటర్లు, పాత నీలం పెట్టె 21 మీటర్లకు కొంచెం ఎక్కువ. విజయవాడ యార్డులో పెట్టెలకు కరువు లేదు కదా. క్రికెట్ పిచ్ అయితే వికెట్ నుంచి వికెట్‌కు 20.12 మీటర్లు.

విమానం నుంచి తీసిన అసలు ఫొటో మీ చేతికొస్తే లెక్క ఇంకా తేలిక. కెమెరా ఫోకల్ లెంగ్త్‌ను, అంటే లెన్స్‌కూ ఫిల్మ్‌కూ మధ్య దూరాన్ని, నేల నుంచి విమానం ఉన్న ఎత్తుతో భాగించాలి. పాత సర్వే కెమెరాల్లో ఎక్కువగా వాడిన లెన్స్ 152 మిల్లీమీటర్లది. విమానం నేలకు 3,040 మీటర్ల ఎత్తున ఎగిరితే స్కేల్ 1:20,000 అవుతుంది. 23 సెంటీమీటర్ల చదరపు ఫొటోలో ఒక్కో పక్క 4.6 కిలోమీటర్ల నేల పడుతుంది. ఒక్కటి గుర్తుంచుకోండి, ఈ లెక్క చదునైన నేలకే. కొండ పైభాగం కెమెరాకు దగ్గర కాబట్టి అక్కడి స్కేల్ వేరుగా ఉంటుంది.

రెండో పని: కొండ గుంటలా కనపడకుండా చూసుకోవడం

కొత్తగా మొదలుపెట్టినవాళ్లు చాలామంది ఇక్కడే తికమక పడతారు. కొండపల్లి కొండల ఉపగ్రహ చిత్రం తెరవండి. కాసేపు చూస్తే కొండల వరుస లోయలాగా, వాగు పారే పల్లం ఎత్తైన గట్టులాగా కనిపించవచ్చు. తప్పు చిత్రంలో లేదు. మన కంటికి వెలుగు పై నుంచి వస్తుందనే అలవాటు. మ్యాపులో ఉత్తరం పైన ఉంటుంది. ఇలాంటి చిత్రాలు తీసే ఉపగ్రహాలు చాలావరకు పొద్దున పదిన్నర ప్రాంతంలో మన మీదుగా వెళతాయి. చలికాలంలో ఆ వేళ సూర్యుడు ఆగ్నేయంలో ఉంటాడు కాబట్టి నీడలు వాయవ్యానికి, అంటే కాగితం పై అంచు వైపు పడతాయి. వెలుగు కింది నుంచి వచ్చినట్టయి కన్ను మోసపోతుంది.

ప్రింటును తలకిందులుగా తిప్పండి. నీడలు మీ వైపు పడేలా పెట్టుకోండి. గుంటలన్నీ లేచి కొండలవుతాయి. ఇది ఒకసారి మీ కళ్లతో చూస్తే ఇక మరచిపోరు.

మన ఊరికి సంబంధించిన సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. విజయవాడ 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం సూర్యుడు మనకు ఉత్తరాన ఉంటాడు. ఆ రోజుల్లో మిట్టమధ్యాహ్నం తీసిన డ్రోన్ ఫొటోలో పొట్టి నీడలు దక్షిణానికి పడతాయి. కాబట్టి "నీడ ఎటుంటే అటు ఉత్తరం" అనే సూత్రం మన దగ్గర ఏడాది పొడవునా పనిచేయదు.

నీడ ఎత్తు కూడా చెబుతుంది. అదే ఫొటోలో మీకు ఎత్తు తెలిసిన ఒక కట్టడాన్ని తీసుకోండి. మీ మూడంతస్తుల ఇల్లు 10 మీటర్లు, దాని నీడ 6 మీటర్లు వచ్చిందనుకుందాం. వీధి చివరి సెల్ టవర్ నీడ 18 మీటర్లుంటే టవర్ ఎత్తు 30 మీటర్లు. నీడ పడిన నేల చదునుగా ఉండాలి, రెండు నీడలూ ఒకే ఫొటోలోవి కావాలి. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ పొగ గొట్టాలు పై నుంచి చిన్న సున్నాల్లా ఉంటాయి. వాటి పొడవాటి నీడలు చూశాకే అవి గొట్టాలని తెలుస్తుంది.

మూడో పని: పేరు పెట్టకుండా వర్ణించడం

అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే, కాబట్టి కొంచెం నిదానంగా చదవండి. ఫొటోలో ఒక మచ్చ కనపడగానే మన మనసు "చెరువు", "తోట", "ఖాళీ స్థలం" అని పేరు పెట్టేస్తుంది. పేరు పెట్టాక కన్ను ఇక చూడదు, పెట్టిన పేరునే సమర్థిస్తుంది. అందుకని ముందు వర్ణన రాయాలి. ఎంత నలుపు, ఎంత తెలుపు? నునుపా, గరుకా? ఏ ఆకారం? ఎంత పొడవు, ఎంత వెడల్పు? వరుసలున్నాయా? నీడ ఉందా? ఎక్కడ ఉంది? పక్కన ఏముంది? ఈ ప్రశ్నలన్నిటికీ జవాబు రాసుకున్నాకే పేరు.

వీటిలో రంగును అందరూ ముందు నమ్ముతారు. అన్నిటికన్నా ఎక్కువ మోసం చేసేదీ అదే. కృష్ణా నదినే చూడండి. బ్యారేజీకి ఎగువన, భవానీ ద్వీపం చుట్టూ నిలిచిన లోతు నీరు ముదురుగా ఉంటుంది. గేట్లు ఎత్తిన రోజున వాటి కిందే తెల్లటి నురగ. ఇంకా దిగువకు, రైలు వంతెనల వైపు వెళితే ఇసుక మేటల మీద పల్చటి నీరు లేతగా మెరుస్తుంది. ఒకే నది, రెండు మూడు కిలోమీటర్లలో మూడు రంగులు. కైకలూరు వైపు చేపల చెరువులు ఇంకా విచిత్రంగా ఉంటాయి. పక్కపక్కనున్న రెండు చెరువుల్లో ఒకటి నల్లగా, రెండోది అద్దంలా తెల్లగా కనపడవచ్చు. రెండింటిలోనూ నీళ్లే. తెల్లదాని మీద ఎండ పడి తిన్నగా కెమెరాలోకి వచ్చింది, అంతే. గుంటూరు నల్లరేగడి దీనికి తిరగబడ్డ ఉదాహరణ. ఎండి బీటలు వారిన నేల కూడా నలుపు తెలుపు ఫొటోలో తడిసిన నేలలాగే కనిపిస్తుంది.

వరద నీరు మరీ కష్టం. బురద నీరు గోధుమ రంగులో వట్టి నేలలా ఉంటుంది. 2024 వరద చిత్రాలు చూసేటప్పుడు రంగు వదిలేసి ఇలా చూడండి. గట్లు, దారులు, ప్లాట్ల హద్దులు ఉన్నట్టుండి మాయమై, ఆ హద్దులు దాటి ఒకే రంగు పరుచుకుని ఉంటే అది నీరు. వట్టి నేల మీద దారి ఎక్కడో ఒకచోట కనపడుతుంది. నీటిలో కనపడదు, అవతలి ఒడ్డున మళ్లీ మొదలవుతుంది.

ఇన్‌ఫ్రారెడ్, అంటే మన కంటికి కనపడని కాంతి, వాడిన చిత్రాల్లో రంగులు ఇంకోలా ఉంటాయి. పచ్చటి ఆకు ఎర్రగా, నీరు నల్లగా కనపడుతుంది. భువన్‌లోనో మరెక్కడో ఊరంతా ఎర్రగా ఉన్న చిత్రం ఎదురైతే అవన్నీ మిరప కల్లాలు కావు, ఏపుగా ఉన్న పైరు. ఆకు తెగులు పడితే మామూలు కంటికి తెలిసే లోపే ఆ ఎరుపు పాలిపోతుంది. మన దేశంలో ఈ శాస్త్రానికి పునాది పడింది కూడా అలాగే. ప్రొఫెసర్ పి.ఆర్. పిషరోటి బృందం కేరళ కొబ్బరి తోటల మీద హెలికాప్టర్‌లో ఎగిరి, ఇన్‌ఫ్రారెడ్ ఫిల్మ్‌తో తెగులు పట్టిన చెట్లను గుర్తించింది.

నునుపు, గరుకు అంటే వేలితో తడిమినట్టు కంటితో తడమడం. వరి మడి ఇస్త్రీ చేసిన బట్టలా ఉంటుంది. అరటి తోట గరుకు. నూజివీడు మామిడి తోటలు గళ్ల కాగితం మీద ఒక్కో గడిలో ఒక్కో చుక్క పెట్టినట్టుంటాయి. ఆయిల్ పామ్ కూడా చుక్కలే కానీ త్రికోణం పద్ధతిలో నాటుతారు, ఒక్కో చుక్కా నక్షత్రంలా విచ్చుకుని ఉంటుంది. కొబ్బరీ నక్షత్రమే, అయితే గట్ల వెంట వరసగానో ఇళ్ల మధ్య చెదురుగానో ఉంటుంది.

గీతల్లా కనపడేవాటికి ఒక చిట్కా. రైలు మార్గం ఎప్పుడూ గభాలున తిరగదు, పెద్ద వంపు తీసుకుంటుంది. రోడ్డు ఊళ్లోకి వచ్చేసరికి ఎక్కడంటే అక్కడ మలుపు తీసుకుంటుంది. కాలువకు రెండు వైపులా గట్లుంటాయి, వెడల్పు మారదు. నగరం మధ్య నుంచి పోయే బందరు, రైవస్, ఏలూరు కాలువల మీద వేలు పెట్టి నడపండి, తెలుస్తుంది. వాగుకు మాత్రం ఈ క్రమశిక్షణ ఉండదు. ఒకచోట వెడల్పు, ఒకచోట సన్నం, పాములా మెలికలు.

నాలుగో పని: ఎక్కడుంది, పక్కన ఏముంది

ఒక పెద్ద రేకుల షెడ్డు కనపడింది. అదేమిటో షెడ్డును చూస్తే తెలియదు. పక్కన విశాలమైన సిమెంటు కల్లం, ఒక మూల నల్లటి ఊక బూడిద కుప్ప ఉంటే రైస్ మిల్లు. కల్లం లేకుండా, బయట లారీలు బారులు తీరి, గుంటూరు మిర్చి యార్డుకు వెళ్లే దారిలో ఉంటే కోల్డ్ స్టోరేజీ అయి ఉండవచ్చు. నల్లటి బొగ్గు రాశి, పొగ గొట్టాలు, కూలింగ్ టవర్ల గుండ్రాలు, కాస్త దూరంలో బూడిద చెరువు, ఇవన్నీ ఒకచోట ఉంటే థర్మల్ స్టేషన్. ఒక్క సాక్ష్యంతో తీర్పు చెప్పకండి. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు ఆధారాలైనా దొరకాలి.

ఇది నేను నేర్చుకున్నది ఒక తప్పు వల్ల. మా బాబాయి తెనాలి వైపు ఒక ఎకరం కొనాలనుకున్నారు. నేను మార్చి నెల చిత్రం తెరిచి చూశాను. చుట్టూ కోసిన పొలాలు, మధ్యలో ఒక ముక్క మాత్రం నిగనిగలాడే పచ్చదనం, చాలా నునుపు. "పక్కనే పశుగ్రాసం వేశారు బాబాయ్, వేసవిలోనూ నీళ్లున్నట్టే" అన్నాను. అడ్వాన్సు ఇచ్చే ముందు ఇద్దరం వెళ్లి చూశాం. అది చేను కాదు, చెరువు. గుర్రపు డెక్క ఒడ్డు నుంచి ఒడ్డు దాకా కప్పేసింది. బాబాయి గట్టు మీద నిలబడి "వానాకాలంలో ఇది పొర్లితే ఈ ఎకరమే కదరా మునిగేది" అన్నారు. మేము కొనలేదు.

ఇంటికొచ్చి అదే చిత్రాన్ని మళ్లీ తెరిచాను. సాక్ష్యాలన్నీ అందులోనే ఉన్నాయి. ఆ పచ్చ ముక్కకు లోపల గట్లు లేవు. దాని లోపలికి ఒక్క కాలిబాట కూడా వెళ్లలేదు, పశుగ్రాసం కోసేవాళ్లు నడవకుండా ఎలా కోస్తారు? మూడు వైపులా అంచు వంపులు తిరిగి ఉంది, నాలుగో వైపు మాత్రం తిన్నగా ఒక గట్టు, దాని మీద తాడి చెట్ల వరుస, వాటి నీడలు. గట్టు మధ్య నుంచి సన్నటి కాలువ ఒకటి పొలాల్లోకి దిగుతోంది, అదే తూము. పచ్చ రంగు చూసి నేను పేరు పెట్టేశాను, మిగతా ఐదు ఆధారాలూ చూడనేలేదు. పాత తేదీలకు వెళితే ఒక అక్టోబరు చిత్రంలో నీరు నల్లగా తేటగా కనపడింది కూడా.

కాబట్టి స్థలం కొనేవాళ్లు కనీసం మూడు చిత్రాలు చూడండి. ఒకటి నిండు వర్షాకాలం అయ్యాక, ఒకటి వేసవిలో, ఒకటి దొరికినంత పాతది. లేఅవుట్ వేసి మెరక పోశాక నేల మీద గుర్తులు పోతాయి, పాత చిత్రంలో పోవు.

ఐదో పని: రెండు ఫొటోలు కలిపి చూడటం

విమానంతో సర్వే చేసేటప్పుడు ఒక ఫొటోకూ తర్వాతి ఫొటోకూ సుమారు 60 శాతం నేల ఉమ్మడిగా వచ్చేలా తీస్తారు. అలాంటి జంటను చిన్న స్టీరియోస్కోప్ (రెండు కళ్లకూ రెండు అద్దాలున్న పరికరం) కింద పెట్టి, ఎడమ కంటికి ఒకటి, కుడి కంటికి ఒకటి చూపిస్తే నేల లేచి నిలబడుతుంది. రెండింటిలోనూ ఒకే గుడి గోపురాన్ని గుర్తుపట్టి, ఆ రెండు గుర్తుల మధ్య ఆరు సెంటీమీటర్ల దూరం ఉండేలా జరుపుతూ వెళ్లండి. మొదట రెండు గోపురాలు కనపడతాయి, ఉన్నట్టుండి ఒకటవుతాయి. ఎడమ ఫొటోను కుడి పక్కన పెడితే కొండలు గుంటలవుతాయి, జాగ్రత్త.

ఒంటరి ఫొటోలో కూడా ఎత్తు జాడ ఉంటుంది. ఎత్తైనవన్నీ ఫొటో మధ్య బిందువు నుంచి బయటికి వాలినట్టు పడతాయి. వాలిన పొడవును విమానం ఎత్తుతో గుణించి, మధ్య బిందువు నుంచి ఆ కట్టడం పై కొసకు ఉన్న దూరంతో భాగిస్తే కట్టడం ఎత్తు వస్తుంది. 3,040 మీటర్ల ఎత్తు నుంచి తీసిన ఫొటోలో ఒక గొట్టం 2 మిల్లీమీటర్లు వాలి, దాని కొస మధ్య నుంచి 80 మిల్లీమీటర్ల దూరంలో ఉంటే, ఎత్తు 76 మీటర్లు. ఫోన్ చిత్రాల్లోనూ అపార్ట్‌మెంట్లు ఇలా వాలి కనపడతాయి. అందుకే దూరం కొలిచేటప్పుడు భవనం పై అంచు పట్టుకోకండి, నేలను తాకే మొదలు దగ్గర కొలవండి.

ఆఖరి పని: చెప్పులేసుకుని బయల్దేరడం

ట్రేసింగ్ కాగితం మీద పెన్సిల్‌తో గీసినవాటిలో మీకు బాగా అనుమానం ఉన్నవి మూడు నాలుగు ఎంచుకోండి. తెలిసినవి చూసి రావడం వల్ల లాభం లేదు. ప్రింటు చేత్తో పట్టుకుని, దాన్ని మీరు నిలబడిన దిక్కుకు తిప్పుకుని నడవండి. చిత్రం తేదీ తర్వాత మారినవి విడిగా రాసుకోండి. ఊళ్లో పెద్దవాళ్లను అడగండి, కానీ "ఇది చెరువేనా అండీ?" అని అడగకండి. అలా అడిగితే చాలామంది అవుననే అంటారు. "వాన గట్టిగా పడితే ఇక్కడ నీళ్లెటు పోతాయండీ?" అని అడిగితే చేయి చూపిస్తారు.

బుడమేరు వైపు ఒక కాలనీ చిత్రంలో నాకు ఇళ్ల మధ్య నుంచి ఒక వంపు కనపడింది. వీధులన్నీ తిన్నగా ఉన్నాయి, ఒక చోట మాత్రం ప్లాట్ల హద్దులు వంకరగా తిరిగాయి. ఆ వంకర వెంటే చెట్లు కొంచెం ఎక్కువ పచ్చగా ఉన్నాయి. పెన్సిల్‌తో చుక్కల గీత గీసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టుకుని వెళ్లాను. అక్కడ అరుగు మీద కూర్చున్న ఒక పెద్దాయనను నీళ్ల సంగతి అడిగాను. ఆయన లేచి, సరిగ్గా ఆ వంపు ఉన్న వైపే నాలుగడుగులు నడిచి, "ఇటు నుంచి అటు పారేది బాబూ, మా చిన్నప్పుడు గేదెల్ని ఇక్కడే కడిగేవాళ్లం" అన్నారు. ఇంటి గోడ మీద 2024 నాటి నీటి మరక కూడా చూపించారు, నా భుజం దాకా ఉంది. స్కేలుతో నేల నుంచి మరక దాకా కొలిచి రాసుకున్నాను. అక్కడే అరుగు మీద కాగితం పరిచి, చుక్కల గీతను ఇంకుతో కలిపాను.